దర్జీ అక్క చీటీలు

వర్తక సంఘం వారు ప్రజాహితార్థం ప్రకటించిందేమంటే, సోమవారం నుంచి వీధిలో చెల్లింపులన్నీ స్టేబుల్‌కాయిన్‌లోనే జరుగుతాయి. ఫోనులో ఉండే ఈ నాణెం ఎప్పటికీ ఒక నోటుకు సమానం, కదలదు, మెదలదు. "ఇక మనకీ మన డబ్బుకీ మధ్య ఎవడూ లేడు," అన్నారు అధ్యక్షులవారు. వేదిక మీద ఆయన పక్కన నోటును నాణెంగా మార్చేవాడు, మార్చినదాన్ని దాచేవాడు, దాచిన చోటు మరిచిపోతే గుర్తుచేసేవాడు ఆసీనులయ్యారు. ముగ్గురికీ కమీషన్ స్వల్పమే.

అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది దర్జీ అక్క. సముద్రం అవతలి నాటకాల కంపెనీకి ఆవిడ నలభై రాజుగారి అంగరఖాలు కుట్టి పంపింది. ఇదివరకైతే ఆ సొమ్ము నాలుగు బ్యాంకుల్లో బసచేసి, తలా కాస్త కొరికాక, చిక్కి శల్యమై చేరేది. ఈసారి ఆవిడ తుమ్మి ముక్కు తుడుచుకునేలోగా ఫోనులో పడింది. ఆ సంబరంలో అక్క కళ్లజోడు లేకుండానే సూదిలో దారం ఎక్కించేసింది.

మూడోవారం మిట్టమధ్యాహ్నం నాణెం విలువ నోటులో ముప్పాతిక వంతుకు దిగింది. సంఘం వెంటనే ప్రకటించింది: "నాణెం స్థిరంగానే ఉంది. కదిలింది విలువ మాత్రమే."

దీంతో జనానికి కొండంత ధైర్యం వచ్చి, ఉన్న నాణేలన్నీ వదిలించుకోవడానికి పరుగెత్తారు. షట్టర్లు దబదబా దిగాయి. మిషను చప్పుడులో ఏమీ వినపడక అక్క కొట్టొక్కటే తెరిచి ఉంది. గంటలో మూడొందల చొక్కాలకు ఆర్డర్లు పడ్డాయి.

"కొలతలు ఇవ్వండి బాబాయ్," అంది అక్క టీకొట్టాయనతో.

"నీ ఇష్టం తల్లీ. ముందు డబ్బు తీసుకో."

అక్క "ఒక చొక్కా" అని రాసి, సంతకం పెట్టి, అందరికీ చీటీలిచ్చింది.

సాయంత్రానికి నాణెం దిగిన సంగతి అక్కకు తెలిసింది. కుట్టకపోతే మాట పోతుంది, కుడితే నడుం పోతుంది. "చీటీలు చెల్లవని చెప్పెయ్," అన్నాడు మొగుడు.

"సంతకం పెట్టానుగా," అని అక్క మళ్లీ మిషను తొక్కింది. రోజుకు నాలుగు చొప్పున, చీటీ తెచ్చినవాడికల్లా చొక్కా ఇస్తూ పోయింది.

అది చూసి జనం చీటీలు తేవడమే మానేశారు. చొక్కా ఖాయమని తేలాక చొక్కా ఎవరిక్కావాలి? బొత్తాలవాడు చీటీ ఇచ్చి దారం కొన్నాడు. దారాలవాడు చీటీ ఇచ్చి పన్ను పీకించుకున్నాడు. పళ్ల డాక్టరు చిల్లర లేదని చీటీ చింపి, చొక్కా చెయ్యి ఒకటి వచ్చేంత ముక్క తిరిగిచ్చాడు.

సంఘం అత్యవసరంగా సమావేశమైంది. "ఉత్త కాగితం! దీని వెనక ఏముందమ్మా?" అని గద్దించారు అధ్యక్షులవారు.

"నేనున్నానండి. మిషనుంది."

సభ నివ్వెరపోయింది. ఇచ్చిన మనిషి ఎక్కడ కూర్చుంటుందో అందరికీ తెలిసిన డబ్బు! ఇంతటి ప్రమాదాన్ని వారెన్నడూ ఎరుగరు. అనధికార ద్రవ్యం చలామణీ చేసినందుకు అక్కకు యాభై జరిమానా ఏకగ్రీవంగా ఖరారైంది.

"నాణేల్లో కట్టేదా?" అంటూ అక్క ఫోను తీసింది.

అధ్యక్షులవారు అటూ ఇటూ చూసి గొంతు తగ్గించారు. "వద్దమ్మా. చీటీలే ఇయ్యి."