మాస్టారి కోసం మెత్తగా పాడిన పాట

ఆ ఉదయం గాయకుడి పథకం చాలా చిన్నది. మాస్టారింటికి వెళ్ళాలి, పాట వినిపించాలి, సరేననిపించుకోవాలి, సాయంత్రంలోగా ఆల్బమ్‌ను కంపెనీకి అప్పగించాలి. అయినా లేచింది మొదలు అతనికి కాలు ఒకచోట నిలవడం లేదు. వేసుకున్న చొక్కా విప్పి ఇంకోటి వేసుకుని, మళ్ళీ మొదటిదే తొడుక్కున్నాడు.

అతని రాక్ బృందం పాత పాటల్ని తమ పద్ధతిలో, అంటే ఇరుగుపొరుగు కిటికీలు మూసుకునేంత గట్టిగా, మళ్ళీ పాడి ఒక ఆల్బమ్ చేసింది. ఒక్కో పాటకూ దాన్ని కట్టినవారి ఒప్పుదల కావాలంది కంపెనీ. అన్నిటికీ వచ్చింది, మాస్టారు కట్టిన పాటకు తప్ప. ఆ పాట లేకపోతే ఆల్బమే వద్దని కంపెనీ తేల్చి చెప్పింది. మాస్టారేమో చెవులారా విన్నాకే మాటిస్తానన్నారు.

ఇక్కడే బావ బుర్ర పనిచేసింది. బావంటే గాయకుడి అక్క మొగుడు, బృందంలో డ్రమ్ములు వాయించేవాడు. పెద్దాయన మన మోత వింటే గుమ్మంలోంచే పంపించేస్తాడని భయపెట్టి, ఆయన కోసమని ఇంకో రికార్డింగు చేయించాడు. అందులో డ్రమ్ముల్లేవు, కరెంటు గిటార్లు లేవు. గాయకుడు పసిపిల్లను జోకొడుతున్నట్టు పాడాడు. ఆయన ఒప్పుకున్నాక కంపెనీకి అసలుది పంపిస్తే సరి. గాయకుడికి మనసొప్పలేదు, కానీ ఆల్బమ్ చేజారుతుందన్న భయం ముందు మనసెంత?

బావా తనూ వెళ్ళి ఆ మెత్తటిది వినిపించారు. మాస్టారు కళ్ళు మూసుకుని పాటంతా విన్నారు. చివర్న కళ్ళు తుడుచుకున్నారు. గాయకుడికి ప్రాణం లేచొచ్చింది. ఇంతలో ఆయన బావ వైపు తిరిగి, తమరేం వాయిస్తారని అడిగారు. డ్రమ్ములని చెబితే కొంప మునుగుతుంది.

"నేను డ్రైవర్నండీ," అన్నాడు బావ.

ఆ అబద్ధం అక్కడితో ఆగితే బాగుండేది. మాస్టారి కూతురు లోపలినుంచి వచ్చి, దేవుడు పంపినట్టు వచ్చారంది. తమ డ్రైవరు ఇవాళ రాలేదట, అమ్మను కళ్ళ డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళాలట, కారు వాకిట్లోనే ఉందట. బావ ఎప్పుడో పెళ్ళికి ముందు నాలుగు రోజులు కారు నేర్చుకుని, అందరి మేలు కోరి మానేసినవాడు. కాదంటే అబద్ధం బయటపడుతుంది.

"వీధి చివరిదాకా తీసుకెళ్ళి, బండి పాడైందని చెప్పేయి బావా," అని చెవిలో ఊదాడు.

"వీధి చివరిదాకా వెళ్తే కదరా," అన్నాడు బావ.

మాస్టారి భార్య ముందు సీట్లో దర్జాగా కూర్చుంది. క్లచ్ లేని ఆటోమేటిక్ కారు మెల్లగా గేటు వైపు కదిలింది. గాయకుడు పక్కనే నడుస్తూ కిటికీలోంచి దారి చెబుతున్నాడు. అంతా సవ్యంగానే జరిగిపోయేదేమో. కానీ ఆవిడ, వంటింట్లో ఉండి పాట వినలేకపోయాను, కాస్త పెట్టు నాయనా అంది. బావ ఫోను కారు స్పీకర్లకు తగిలించి, చూపు గేటు మీదా వేలు ఫోను మీదా పెట్టాడు. మోగింది అసలుది.

డ్రమ్ములు వాయించేవాడికి రెండు కాళ్ళకూ పనే. కుడికాలు తొక్కితే పెద్ద డ్రమ్ము, ఎడమకాలు తొక్కితే తాళాలు. తన దెబ్బ వినపడగానే బావ కుడికాలు దానంతటదే యాక్సిలరేటర్ మీద దిగింది, కారు దూకింది. మరుక్షణం ఎడమకాలు బ్రేకు మీద దిగింది, కారు ఆగింది. దూకుతూ, ఆగుతూ, ఒక్కచోట కూడా లయ తప్పకుండా గేటు మీదికి నడిచింది. లోపల పెద్దావిడ ముందుకీ వెనక్కీ ఊగుతోంది. కాళ్ళు తీయమని గాయకుడు బయటనుంచి అరుస్తున్నాడు గానీ, కార్లో అతని గొంతే అంతకన్నా గట్టిగా అరుస్తోంది. గేటు రెక్క ఒకటి ఊడి బానెట్ మీద పడ్డాక కారు ఆగింది. పాట మాత్రం ఆగలేదు.

మాస్టారు వరండాలోకి వచ్చారు. పాట ఆపబోయిన కూతుర్ని చేత్తో వారించి, ఆఖరిదాకా విన్నారు. ఆ కాసేపూ గాయకుడు తలెత్తలేదు. అంత సిగ్గు అతను జన్మలో ఎరగడు.

"ఇదెవరిది?" అన్నారు మాస్టారు.

"మాదే మాస్టారూ. మీకు వినిపించడానికి భయమేసి మెత్తగా ఇంకోటి చేశాం. తప్పైపోయింది."

మాస్టారు మెట్టు మీద కూలబడ్డారు. ఆ పాట కుర్రతనంలో మంచి కోపం మీద కట్టాననీ, అప్పటివాళ్ళు దాన్ని నానబెట్టి జోలపాట చేశారనీ, ఇందాక మళ్ళీ అదే విని, దీని రాత ఇక ఇంతేనని ఏడుపొచ్చిందనీ చెప్పారు. కారు దిగుతున్న బావను దగ్గరకు రమ్మని భుజం తట్టారు.

"ఆ డ్రమ్ములు నువ్వే కదూ. ఇన్నాళ్ళకు నా పాట నాకు వినపడింది. తీసుకెళ్ళండి."

గాయకుడికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. థాంక్స్ చెప్పడానికి నోరు తెరిచాడు.

"ఒక్కటే షరతు," అన్నారు మాస్టారు. "మధ్యలో ఎవరో అడ్డంపడి అరుస్తున్నాడు చూడు, అతన్ని తీసేయండి."

గాయకుడు బావ వైపు చూశాడు. బావ గేటు వైపు చూశాడు. కంపెనీ వాళ్ళ ఫోను అప్పటికే మోగుతోంది. ఆ పాటలో తన గొంతు ఉంటే ఆల్బమ్ లేదు, ఆల్బమ్ ఉంటే గొంతు లేదు. "అలాగే మాస్టారూ," అనడానికి అతనికి పాడినంత సేపు పట్టింది.

ఆల్బమ్ వచ్చింది. అన్నిట్లోకీ ఆ పాటే జనానికి నచ్చింది. ముఖ్యంగా అందులో గాయకుడు చూపిన నిగ్రహాన్ని పత్రికలన్నీ మెచ్చుకున్నాయి.