చౌడప్పగారు ప్రారంభించిన డ్రైవర్

"ధర్మవరం ప్రజలకు గ్రాఫిక్స్ విషయంలో ఇక ఏ లోటూ ఉండదు" అని చౌడప్పగారు మైకులో ప్రకటించగానే మొదట చప్పట్లు కొట్టింది నేనే. గ్రాఫిక్స్ అంటే ఏమిటో నాకు తెలియదు. ఆయనకూ తెలియదు. మా పార్టీలో ఐకమత్యం అలాంటిది.

చౌడప్పగారు జనసేవా కంప్యూటర్ కేంద్రానికి చైర్మన్. నేను కమిటీ మెంబర్ని. ఐదో తరగతిలోనే బడి మానేశాను కాబట్టి టెక్నికల్ విభాగం నాకిచ్చారు. తెరమీద బొమ్మ తేటగా రావాలంటే కంప్యూటర్‌లో కొత్త గ్రాఫిక్స్ డ్రైవర్ అనే ప్రోగ్రాం ఎక్కించాలని ఎవరో చెబితే, హిందూపురం పోయి ఆ సీడీని బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చాను. చౌడప్పగారు టెంకాయ కొట్టి, రిబ్బన్ కత్తిరించి, మౌస్ నొక్కారు. గోడకు నల్లరాతి ఫలకం బిగించాం: "నూతన గ్రాఫిక్స్ డ్రైవర్. ప్రారంభకులు శ్రీ చౌడప్పగారు. 12-6-2003." అడుగున చిన్నక్షరాల్లో నా పేరు.

కంప్యూటర్ ఆపి మళ్లీ వేస్తే తెర నిండా రంగురంగుల చారలు.

"పట్టుచీర అంచు మాదిరి బాగుండాదే" అని చౌడప్పగారు పెనుకొండలో పెళ్లికి వెళ్లిపోయారు.

మరునాడు శుక్రవారం. బత్తలపల్లి నుంచి ఖాదర్‌బీ వచ్చింది. మొగుడు పోయి ఏడాది. చేత్తో రాసిన వితంతు పింఛను దరఖాస్తు ముందే ఇచ్చింది; దాని కంప్యూటర్ ప్రతిని మా కేంద్రంలో ప్రింటు తీయించి, ఆ సాయంత్రం ఐదులోగా పింఛన్ల ఆఫీసులో ఇవ్వాలి. ఆ పింఛను వస్తేనే ఆమెకు బియ్యం.

ఆపరేటర్ అమ్మాయి సుమయ్య చారలకేసి చూసింది. "లోపలి గ్రాఫిక్స్ కార్డు పాతది, డ్రైవర్ కొత్తది. రెండిటికీ పడలేదన్నా. కొత్తది తీసేసి పాతది ఎక్కిస్తే పది నిమిషాల పని."

"తీసేస్తే ఆ బండనేం జేయల్ల?"

"యా బండ?"

గోడ చూపించాను.

"ఎవురికీ చెప్పనులేన్నా."

"నాకు తెలుస్తాది కదమ్మా. నేను కమిటీ."

"ఏమప్పా, పొద్దున్నించీ కూచోనుండా. అయితాదా, కాదా?" అంది ఖాదర్‌బీ.

"సారు సోమవారం వస్తారవ్వా."

"గడువు ఈపొద్దే కదప్పా."

"గడువు ఆఫీసుది. కేంద్రం మనది" అన్నాను. ఆ మాట నాకే బాగా నచ్చింది. ఐదయ్యేదాకా ఫలకాన్ని గుడ్డతో తుడుస్తూ కూర్చున్నాను.

సోమవారం చౌడప్పగారు అంతా ఓపిగ్గా విన్నారు. "పాత డ్రైవర్‌ను అప్పట్లో ఎవురు ప్రారంభించినారు?"

"ఎవురూ లేదు సార్."

"అన్యాయం జరిగిందప్పా దానికి."

గురువారం ఆ అన్యాయాన్ని సరిదిద్దాం. పొద్దున్నే సుమయ్య పాతది ఎక్కించి పెట్టింది. మళ్లీ టెంకాయ, మళ్లీ రిబ్బన్, పక్కనే రెండో ఫలకం. సారు మౌస్ నొక్కారు. తెర అద్దంలా ఉంది.

మొదటి ప్రింటు పేదల చేతికే అందాలన్నారు సారు. ఖాదర్‌బీని నేనే పిలిపించాను. పింఛన్ల ఆఫీసు పంపిన ఫ్లాపీలో ఆమె పేరుమీద ఒక ఉత్తరం ఉంది. సుమయ్య దాన్ని ప్రింటు తీసి, నా చేతిలో పెట్టి బయటికి వెళ్లిపోయింది.

"కంప్యూటర్ ప్రతి గడువులోగా అందనందున మీ దరఖాస్తు తిరస్కరించడమైనది."

ఫొటోగ్రాఫర్ తొందర చేస్తున్నాడు. కాగితం సారుకిచ్చాను. సారు రెండు చేతులా ఖాదర్‌బీకి అందించారు. ఆమె దాన్ని కళ్లకద్దుకుని నావైపు వంగింది.

"ఏం రాసుండారప్పా దీంట్లో?"

"అక్షరాలు ఎంత తేటగా పడినాయో చూడవ్వా" అన్నాను. "ఫొటో పక్క తిరుగు."