నిప్పుకన్నుకు అద్దం

పదకొండు గంటలకు అగ్నిమాపక అధికారి వచ్చి సంతకం పెడితే ఫ్యాక్టరీ నడుస్తుంది, పెట్టకపోతే మర్నాటి నుంచి గేటుకు తాళం. అందుకని అల్లుడు పొద్దున్న ఏడింటికే థిన్నర్ కలిపే షెడ్డుకు చేరాడు. మామగారి రంగుల ఫ్యాక్టరీలో భద్రత సంగతులు చూడడం అతని పని. పొగను పట్టే పరికరం చాలని మామగారు ఎంత చెప్పినా వినలేదు. థిన్నర్ అంటుకుంటే పొగ కంటే ముందు మంటే లేస్తుందని పట్టుబట్టి, మంటలోని అతినీలలోహిత కిరణాన్ని పసిగట్టే పరికరం తెప్పించి గోడకు బిగింపించాడు. మామగారు దానికి "అల్లుడుగారి మూడో కన్ను" అని పేరు పెట్టి, వచ్చినవాళ్ళందరికీ చూపించి నవ్వేవారు.

అదే కిరణం వెదజల్లే పరీక్ష టార్చి వెలిగించి దానికేసి పట్టాడు. సైరన్ మోగలేదు. నిచ్చెనంటే అతనికి భయం కాబట్టి, తను తలుపు దగ్గర నిలబడి చెబుతుంటే ఎలక్ట్రీషియన్ పైకెక్కి చేశాడు. కాస్త కిందికి దించారు, పలకలేదు. థిన్నర్ తొట్టి మీది నుంచి పక్కకు తిప్పారు, పలకలేదు. చివరికి టార్చికి సూటిగా ఉండేట్టు తలుపు వైపే తిప్పేసి, చురుకుదనం ఆఖరి గీత దాకా పెంచారు. అయినా ఉలుకూ లేదు, పలుకూ లేదు.

ఈలోగా అధికారి రానే వచ్చారు. వెనక మామగారు, ఆయన వెనక అత్తగారు. అధికారి తన టార్చితో రెండుసార్లు చూసి పెన్ను జేబులో పెట్టేసుకున్నారు. అల్లుడి ముఖాన కత్తివాటుకు నెత్తురు చుక్క లేదు.

అతన్ని చూసి అత్తగారికి జాలేసింది. మెల్లగా నిచ్చెన దగ్గరికి వెళ్ళి, దుమ్ము పడకుండా కన్నుకు తను పెట్టించిన అద్దం అడ్డమేమో, తీసెయ్యమని ఎలక్ట్రీషియన్‌కు చెప్పారు. ఆ అద్దం సంగతి అల్లుడుగారికి తెలుసనుకునే అతను ఇంతసేపూ నోరు మెదపలేదు. మామూలు అద్దంలోంచి ఆ కిరణం దూరదని పాపం ఆవిడకూ తెలియదు, ఎలక్ట్రీషియన్‌కూ తెలియదు.

బయట తలుపుకెదురుగా ఉన్న గేటుకు వెల్డింగ్ జరుగుతోంది. ఆ వెలుగులోనూ అదే కిరణం ఉంటుంది. అద్దం ఊడిందో లేదో సైరన్ మోగింది, పైన గొట్టంలోంచి మంటలార్పే నురుగు కురిసింది. అర నిమిషంలో ఎవరు ఎవరో పోల్చుకోవడం కష్టమైంది.

అధికారి ముఖం తుడుచుకుని అద్దం చేతిలోకి తీసుకున్నారు. "ఇదెవరి పని? ఇలా అడ్డం పెట్టిన మనిషి ఇక్కడ భద్రత చూస్తానంటే నేను సంతకం పెట్టను."

అత్తగారి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అల్లుడు అది చూశాడు.

"నాదే సార్."

"అబద్ధం సార్" అన్నారు మామగారు, మీసాల నుంచి నురుగు దులుపుకుంటూ. "దుమ్ము పడితే దానికి చూపు తగ్గుతుందని మా అల్లుడు ఒకసారి అన్నాడు. అద్దం కోయించి తెచ్చింది నేను. ఈవిడ తుడిచి పెట్టించింది, అంతే."

వెక్కిరించినంత కాలం ఈ పెద్దమనిషి ప్రతి మాటా వింటూనే ఉన్నారన్నమాట. అల్లుడు జేబురుమాలు తీసి మామగారికి అందించాడు.

అధికారి ముగ్గురినీ మార్చి మార్చి చూశారు. నురుగు వచ్చే గొట్టం మూయించి, కన్నును తలుపు కనపడకుండా మళ్ళీ తొట్టి మీదికి తిప్పించి, చురుకుదనం తగ్గించి టార్చి వెలిగించారు. సైరన్ టక్కున మోగింది. తడి కాగితం మీదే సంతకం పెట్టి, కింద ఒకే ఒక్క షరతు రాశారు: పరికరానికి పది అడుగుల లోపు అత్తమామలు రాకూడదు.