మిరుగం నాటి ముళ్లకంప

పొద్దున్నే చాయ్ తాగుతూ దయాకర్‌రావు సారు ఆ రోజుకు రెండే పనులు అనుకున్నాడు. చేపలు గుడ్లు పెట్టే పైమడుగుల్లోకి జనం పోకుండా వాగుకు అడ్డంగా ముళ్లకంప కొట్టించడం, చేపలు పట్టొద్దని ఊళ్లో డప్పు చాటింపు వేయించడం. ఎండెక్కేలోపు ఇంటికొచ్చి హాయిగా ఓ కునుకు తీయొచ్చనీ అనుకున్నాడు. పాపం!

మందమర్రికి అవతలున్న ఆ ఊళ్లో మిరుగం, అంటే మృగశిర కార్తె, మొదలైన నాడు చేప తినని నోరుండదు. సరిగ్గా ఆ వేళకే తొలి వరద వస్తుంది, కడుపునిండా గుడ్లతో చేపలు వాగుకు ఎదురెక్కుతాయి. నిరుడు ఊరు ఊరంతా కలిసి వాటిని ఊడ్చుకు తిన్నది. ఏడాది పొడుగునా వాగులో కప్పలు తప్ప మరేం కనపడలేదు. ఈసారీ అదే జరిగితే వాగుకు చేపలతో రుణం తీరిపోయినట్టే. రిటైరైన బడిపంతులైన సారుకు ఆ దిగులుతో అన్నం సయించడం లేదు.

కంప పని సజావుగానే అయింది. తర్వాత ఊళ్లో చాటింపు వేసే కొండల్ డప్పు మోగించాడు.

"ఇనుండ్రి! వాగుల చేపలు ఎదురెక్కుతున్నయి! ఎవ్వలు పట్టద్దని సారు చెప్పుమన్నడు!"

ఊరికి మొదటి మాటే చాలింది. రెండోది పూర్తయ్యేలోపే గంపలు, వలలు, ఆఖరికి దోమతెరలు కూడా వాగుకు బయలుదేరాయి.

సారు చెప్పులైనా వేసుకోకుండా పరుగెత్తాడు. "వద్దురా నాయినా! అవి గుడ్ల మీదున్నయి!"

"గుడ్ల మీదున్నయా?" అందరికంటే పెద్ద గంపతో వచ్చిన పోశవ్వ కళ్లు మెరిశాయి. "గట్ల జెప్పవేంది సారూ! మా సమ్మక్క కాన్పుకొచ్చింది. చేపల పులుసు, చేపల పులుసని పొద్దుగాల్నుంచి నా పానం తీస్తుంది."

ఆ మాట విని ఇళ్లల్లో మిగిలినవాళ్లూ వచ్చేశారు. పక్క ఊరివాళ్లను రావొద్దని చెప్పమని సారు కొండల్‌ను పంపాడు. అప్పటిదాకా సంగతే తెలియని ఆ ఊరు కొండల్ వెనకే వచ్చింది. డ్యూటీ దిగిన బొగ్గుబాయి కార్మికులు సైకిళ్లు ఇటు తిప్పారు. సారు వద్దన్నకొద్దీ జనం పెరిగారు.

అప్పుడు వచ్చాయి చేపలు.

సారు అరవడం మరిచిపోయాడు. ఇన్నేళ్లొచ్చినా ఇంత దగ్గరగా ఎన్నడూ చూడలేదు. మూరెడు జెల్లలు, వేలెడు పక్కెలు, ఎర్రటి వరద తోసేస్తున్నా లెక్కచేయకుండా ఎదురొస్తున్నాయి. నీళ్లలోంచి లేచి, గాలిలో తళుక్కుమని, కంపకు కొట్టుకొని వెనక్కి పడుతున్నాయి. పడ్డవి పడ్డట్టే మళ్లీ లేస్తున్నాయి. ఎత్తిన గంపలు ఎత్తినట్టే ఉండిపోయాయి. పిడికెడు ప్రాణాలకు ఇంత పట్టుదల ఎవరిచ్చారురా దేవుడా అనుకున్నాడు సారు.

తల్లిని వెతుక్కుంటూ నిండు నెలల సమ్మక్క ఒడ్డుకొచ్చింది. చాలాసేపు చూసింది. పొట్ట మీద చెయ్యి వేసుకుంది.

"అవ్వా, గవిట్ని పట్టకే. నేను తల్లిగారింటికి వచ్చినట్టే గవీ పోతున్నయి. కడుపుతోటున్నదానికి తొవ్వల ముండ్లకంప ఎవ్వలు కొట్టిండ్లే?"

జనమంతా సారు వైపు తిరిగారు.

మనుషుల్ని ఆపే కంప చేపల్నీ ఆపుతుందన్న ముక్క, ఊరందరికీ పాఠాలు చెప్పిన ఆ బుర్రకు అప్పుడెక్కింది. "నేనే బిడ్డా," అని పంచె ఎగ్గట్టి నీళ్లలోకి దిగాడు.

"జరుగు సారూ, నీతోటి గాదు!" అంటూ పోశవ్వా దిగింది. వెనకే రెండూళ్లూ దిగాయి. కంప ఊడింది. ముళ్లలో చిక్కినవాటిని పోశవ్వ గంపలోకెత్తి అవతల వదిలింది. "పో తల్లీ, పైలంగ పో." దోమతెరల్లో కూడా చేపల్ని భద్రంగా మోశారు. అవి పైమడుగు వైపు సాగిపోతుంటే సారు కళ్లు చెమర్చాయి.

ఒడ్డుకొచ్చాక పోశవ్వకు అసలు సంగతి గుర్తొచ్చింది. "గదంత మంచిగనే ఉన్నదిగని సారూ, మిరుగం నాడు నా బిడ్డకు నేనేం వండిపెట్టాలె?"

"ఫికర్ జెయ్యకు పోశవ్వా! అందరు మా ఇంటికి రాండ్రి!" సంతోషం పట్టలేక సారు చేతులు చాచి పిలిచాడు.

ఆ రోజంతటిలో జనం సారు మాట మొదటిసారిగా విన్నారు. పొద్దుగూకేసరికి వాగులో చేపలన్నీ క్షేమంగా ఉన్నాయి. సారు భార్య మనోరమ పెంచుకున్న కోళ్లలో మాత్రం మర్నాడు కూయడానికి ఒక్క పుంజూ మిగల్లేదు.