ప్రస్థానం పెట్టె

ఎలుకల విషయంలో నా పాండిత్యాన్ని మా ఇంట్లో తప్ప ప్రపంచమంతా ఒప్పుకుంది. వరిచేలో ఎలుక బొరియ ఎటువైపు తవ్వుతుందో, ఎందుకు తవ్వుతుందో నేను రాసిన వ్యాసం చదివి, వియత్నాం వాళ్లు అంతర్జాతీయ సదస్సుకు రమ్మన్నారు. ఇన్నేళ్ల జువాలజీ పాఠాలకి మొదటిసారి దక్కిన గౌరవం. గుణదలలో మా వీధి మొత్తానికి ఈ సంగతి నేనే చెప్పాను. కొందరికి రెండుసార్లు.

మా ఆవిడ మాణిక్యం మాత్రం, "వంటగదిలో ఎలుక కనబడితే కుర్చీ ఎక్కే మనిషిని ఎలుకల గురించి మాట్లాడమన్నారా? పాపం, వాళ్లకి తెలీదు" అంది.

"శాస్త్రజ్ఞుడు దూరం నించే పరిశీలించాలే."

"ఆహా, కుర్చీ మీంచా?"

అక్కడితో వదిలేశాను. అసలు యుద్ధం పెట్టె దగ్గర మొదలైంది.

మాణిక్యం వాళ్ల పెద్దమ్మ మనవరాలు సాయిశ్రీ, మొగుడి ఉద్యోగం మూలంగా ఆ వియత్నాంలోనే ఉంటోంది. ఇప్పుడు ఐదో నెల. గోంగూర పచ్చడి అని కలవరిస్తోందట. ఇంకేముంది, గోంగూర వెంట కందిపొడి బయల్దేరింది. కందిపొడికి తోడు సున్నుండలు. పుట్టబోయే బిడ్డకి పాతచీరల బొంత. ఇంకా ఊయల తాళ్లు ఒక్కటే తక్కువ.

"నేను వెళ్లేది సదస్సుకే బాబూ, సారె మోయడానికి కాదు!"

"వట్టి చేతులూపుకుంటూ కడుపుతో ఉన్న పిల్ల మొహం ఎలా చూస్తారు?"

"నూనె కారితే నా సూటు గతేం కాను?"

"కారదు. చల్లపల్లిలో మా అమ్మ బిగించిన మూత మా నాన్న కూడా ఊడదీయలేకపోయేవారు."

గోంగూర వాసనేసే సూటుతో వేదికెక్కిన నన్ను ఊహించుకున్నాను. లాభం లేదు, ఉపాయం పన్నాల్సిందే.

ఆదివారం పొద్దున్నే క్యాలెండర్ ముందు నిలబడి వీధిలోకి వినబడేలా నిట్టూర్చాను.

"మాణిక్యం, మంగళవారం నాడు ప్రయాణం పడింది. బొత్తిగా బాగోలేదు. ఇవాళ మంచి ఘడియ ఉంది, ప్రస్థానం పెట్టేద్దాం."

ప్రస్థానం అంటే మీకు తెలిసే ఉంటుంది. ప్రయాణం రోజు మంచిది కాకపోతే, ముందుగానే మంచి ఘడియ చూసి మన సామాను వేరే ఇంట్లో పెడతారు. మనం బయల్దేరినట్టే లెక్క. ఒకసారి గడప దాటిన సామాను మళ్లీ వెనక్కి రాకూడదు. ఇప్పుడు అర్థమైందా నా ఎత్తు? పెట్టే లేకపోతే పచ్చడి దేంట్లో సర్దుతుంది?

మాణిక్యం నన్ను కిందనించి పైదాకా చూసింది. "ఈ ఇంటి శంకుస్థాపనకి ముహూర్తం ఎందుకన్న మనిషి మీరేనా?"

"వయసొచ్చాక బుద్ధి రాదేంటే?"

"వస్తే మంచిదే. కానివ్వండి."

పెళ్లయ్యాక ఆవిడ ఒక్క మాటకే ఒప్పుకోవడం అదే మొదలు. అప్పుడే నేను అనుమానపడాల్సింది.

సూటు, నా వ్యాసం కాపీల కట్టలు సర్దుకుని ఎదురింటి బసవపున్నయ్య గారింటికి తీసుకెళ్లాను. ఆయన శ్రద్ధగా చూసి, "పెట్టెలో మీ ఆనవాలు ఏదైనా ఉండాలండీ, లేకపోతే ఫలించదు" అన్నాడు. పాస్‌పోర్టుని మించిన ఆనవాలేముంటుంది? జిప్పు తీసి అందులో పెట్టాను. అంత తెలివి నాకు ఎక్కణ్ణించి వచ్చిందో!

సోమవారమంతా ఈల వేసుకుంటూ తిరిగాను. వంటగది గట్టు మీద డబ్బాలు కనబడలేదు. ఓటమి ఒప్పుకుని అటక ఎక్కించింది కాబోలనుకున్నాను. పాపం అనిపించింది కూడా.

మంగళవారం ఉదయం కారొచ్చింది. విమానం మధ్యాహ్నం గన్నవరంలో. దర్జాగా ఎదురింటికి నడిచాను. తలుపుకి నా అరచెయ్యంత తాళం!

బసవపున్నయ్య గారి ఫోను మోగుతోంది, ఎత్తట్లేదు. తాళం పట్టుకుని గుంజాను.

"తాళం పగలగొడదాం!"

"సదస్సుకి వెళ్తారా, స్టేషనుకా?" అంటూ మాణిక్యం తన ఫోను తీసింది. మొదటి రింగుకే బసవపున్నయ్య గారి భార్య ఎత్తింది. "కనకలక్ష్మి వదినా, ఎందాకా వచ్చారు? ఇంకా చల్లపల్లి దాటలేదా? పామర్రు సెంటర్లో ఆగండి, మేమే వస్తున్నాం."

"మన పెట్టె వాళ్ల దగ్గరెందుకుందే?"

"నిన్న గృహప్రవేశానికని చల్లపల్లి వెళ్లారు. పాస్‌పోర్టు ఉన్న పెట్టెని తాళమేసిన ఇంట్లో వదిలేస్తారా ఎవరైనా?"

ఉయ్యూరు దగ్గర చెరుకు ట్రాక్టరు అడ్డం. దాని వెనకే నత్తలా పాకుతూ కొండ మీది దుర్గమ్మకి కొబ్బరికాయ, మా గుణదల కొండ మీది మేరీమాతకి కొవ్వొత్తి మొక్కాను. బెజవాడలో ఉన్నవాడికి రెండు కొండలూ కావాలి కదండీ.

పామర్రులో బసవపున్నయ్య గారు కారు డిక్కీలోంచి పెట్టె లేపబోయి, "అమ్మో" అని నడుం పట్టుకున్నాడు. గబగబా తెరిచాను. పాస్‌పోర్టు ఉంది. సూటు ఉంది, బొంతలో పసిపిల్లాడిలా చుట్టి. దాని కింద డబ్బాలు, డబ్బాల మధ్య సున్నుండలు.

"నా కాపీలేవి?"

"వదిన బీరువాలో భద్రంగా ఉన్నాయి. ఎలుకలు కొట్టవులెండి" అంది మాణిక్యం.

"ప్రస్థానం పెట్టె వెనక్కి రాకూడదన్నానా?"

"రాలేదుగా! గడప దాటిన పెట్టె వెనక్కి రాకూడదన్నారు. పచ్చడి గడప దాటి పెట్టె దగ్గరికి వెళ్లకూడదని ఏ పంచాంగంలో ఉంది? మిగతావి చల్లపల్లిలో మా అమ్మ సర్దింది."

కనకలక్ష్మి గారు నవ్వాపుకుంటూ, "బయల్దేరండి అన్నయ్యగారూ, విమానం మంగళవారమని ఆగదు" అంది.

గన్నవరం చేరేసరికి కౌంటరు మూసేయబోతున్నారు. పెట్టె తూకం మీద పెట్టాను. అంకెలు ఎక్కుతూ ఎక్కుతూ సరిగ్గా వాళ్లు పెట్టిన హద్దు దగ్గర ఆగాయి. మా అత్తగారు తూచే పంపింది!

కౌంటరులోని అమ్మాయి నా పాస్‌పోర్టు చూసి, నన్ను చూసి, "సార్, ఈ పెట్టె మీరే సర్దుకున్నారా?" అనడిగింది.

వెనక్కి తిరిగాను. అద్దం అవతల మాణిక్యం చెయ్యి ఊపుతోంది.

"అవునమ్మా" అన్నాను తల వంచుకుని, "నేనే."