మేకల పక్షం

ఊళ్ళోకి కరెంటు స్తంభాలు దిగిన ఏడాది అది. ఆ పొద్దున మాల్యాద్రి వేసుకున్న పథకం చాలా చిన్నది. పద్మనాభయ్య ఇంటి అరుగు మీదికి పోవడం, పులిజూదంలో ఆయన చేతిలో తొందరగా ఓడిపోవడం, పొలానికి నీళ్ళు సంపాదించుకుని ఇంటికొచ్చి సద్దన్నం తినడం. అంతే.

ఇందుకూరుపేట దగ్గర మాల్యాద్రికి రెండెకరాల మాగాణి ఉంది. దానికి ఎగువనున్న భూమంతా పద్మనాభయ్యది. కాలువ ముందు ఆయన పొలం తడుపుతుంది. ఆ తర్వాత ఆయనకు బుద్ధిపుట్టి గట్టుకున్న మడవ తీయిస్తే మాల్యాద్రి చేలోకి నీళ్ళు దిగుతాయి, లేకపోతే లేదు. కరణానికి చెప్పుకోవచ్చు గానీ, కరణం రోజూ కాఫీ తాగేది పద్మనాభయ్య అరుగు మీదే.

అందుకని మాల్యాద్రి వేరే దారి పట్టాడు. పద్మనాభయ్యకు పులిజూదం పిచ్చి. మూడు పులులూ ఎప్పుడూ ఆయనవే, పదిహేను మేకలూ ఎదుటివాడివి. పులి మేక మీదుగా దూకితే ఆ మేక చచ్చినట్టు. మేకలన్నీ చుట్టుముట్టి పులులను కదలకుండా కట్టేస్తే పులులు ఓడినట్టు. మాల్యాద్రి ఏళ్ళ తరబడి శ్రద్ధగా ఓడుతూ వచ్చాడు. సులువుగా ఓడితే పద్మనాభయ్యకు విసుగు, గట్టిగా నిలబడితే కోపం. అందుకని ఒక పులిని కట్టేసినంత పని చేసి, ఆయన నుదుట చెమట పట్టగానే పొరపాటున అన్నట్టు ఒక మేకను నోటికందించేవాడు. ఆయన తొడ చరుచుకుని, మాల్యాద్రికి మడవ తీయండ్రా అని పాలేళ్ళను కేకేసేవాడు.

"పైరు పొట్ట మీదుండాది. నేల నెర్రెలిచ్చింది. ఈ పొద్దు నీళ్ళు రాకపోతే గింజ పట్టదు," అని పెళ్ళాం ప్రమీలమ్మ గడప దాకా వచ్చి చెప్పి పంపింది.

అరుగు మీద ఆ రోజు కొత్త మనిషి ఉన్నాడు. పద్మనాభయ్య వియ్యంకుడు చెంచురామయ్య, నెల్లూరు నుంచి మొదటి బస్సుకు దిగాడు. పద్మనాభయ్య కూతురు ఆయన ఇంటి కోడలు గనక ఆయన మాటకు ఇక్కడ ఎదురులేదు. ఆట మొదలవగానే ఆయన వచ్చి మాల్యాద్రి పక్కన చతికిలబడ్డాడు.

"నేను మేకల పక్షం," అన్నాడు.

మాల్యాద్రి లోలోపల లెక్కలు వేసుకున్నాడు. ఆయన చెప్పినట్టు ఆడి గెలిస్తే పద్మనాభయ్యకు కోపం. కుదరదంటే వియ్యంకుడికి కోపం. ఆలోచించి, సరిగ్గా వినపడనట్టు తల ఊపుతూ, ఆయన ఎక్కడ పెట్టమంటే దానికి అవతల పెట్టడం మొదలుపెట్టాడు. చెంచురామయ్యకు ఆ ఆట బొత్తిగా రాదన్న సంగతి అతనికి తెలియదు. ఆయన చెప్పేది తప్పు గనక, దానికి అవతల పెట్టిన మేకలన్నీ సరైన చోటే పడుతున్నాయి. ఆ కంగారులో అతను చూసింది ఇద్దరి మొహాలే గానీ గీసిన గళ్ళు కాదు. అటు చూసేసరికి మూడు పులులూ బిగుసుకుపోయి ఉన్నాయి.

చెంచురామయ్య అతని వీపు చరిచి మనం గెలిచామన్నాడు. పద్మనాభయ్య ఎండెక్కిందని గొణిగి, లేచి లోపలికి పోయాడు. మడవ సంగతి ఎవరూ ఎత్తలేదు.

చెంచురామయ్య చుట్ట కోసం కాఫీ హోటలుకు పోయి, తన శిష్యుడు ఒక్క మేక చావకుండా పులులను కట్టేశాడని చెప్పాడు. హోటల్లోంచి ఆ మాట బయటికొచ్చేసరికి, వియ్యంకుడూ మాల్యాద్రీ ముందే కూడబలుక్కుని పద్మనాభయ్య పరువు తీశారని మారింది. అది విన్న పాలేళ్ళు, దొర మనసెరిగి, మడవ మీద ఇంకాస్త మట్టి వేసి తొక్కారు.

మాల్యాద్రి దొడ్డిదారిన పోయి, బియ్యం చెరుగుతున్న పద్మనాభయ్య భార్య వెంకటశేషమ్మ ముందు నిలబడ్డాడు.

"వదినా, అన్నకి నువ్వే చెప్పాల. నేను రోజూ ఓడాలనే ఆడతా. ఈ పొద్దు మీ వియ్యంకుడు నా పక్కన కూర్చుని చెడగొట్టినాడు."

వెంకటశేషమ్మ కళ్ళతో ఏదో సైగ చేసింది. మాల్యాద్రి వెనక్కి తిరిగాడు. చెంబు పట్టుకుని పద్మనాభయ్య నిలబడి ఉన్నాడు.

"అంటే ఇన్నేళ్ళూ నువ్వు ఓడింది కావాలనేనా?"

అవునన్నా కాదన్నా నీళ్ళు రావని మాల్యాద్రికి అర్థమైంది. పద్మనాభయ్య తిట్టి ఉంటే బాగుండేది. ఆయన తిట్టలేదు, అన్నమూ తినలేదు. అరుగు మీదికి పోయి మళ్ళీ పులులను పేర్చాడు.

"ఈసారి నిజంగా ఆడు. గెలిచినావంటే మడవ నీ ఇష్టం, నన్ను అడగబళ్ళేదు. ఒక్క మేకనైనా ఊరికే ఇచ్చినావని తెలిసిందా, ఈ పంట కారంతా నీకు చుక్క నీళ్ళు లేవు."

చెంచురామయ్యను మధ్యవర్తిగా కూర్చోబెట్టారు. ఊళ్ళో తీరిక ఉన్నవాళ్ళూ లేనివాళ్ళూ వచ్చి మూగారు. మాల్యాద్రికి లోలోపల భయమేమీ లేదు. తలుచుకుంటే ఏ రోజైనా గెలవగలనన్న నమ్మకం ఒకటి అతనికి ఉండేది. ఎగువ భూములున్న మనిషి ముందు రోజూ తల వంచుకుని కూర్చోగలిగాడంటే ఆ నమ్మకం వల్లనే. మేకలను ఒకదాని వెనక ఒకటి కాపుగా పేర్చాడు. ఒక మేక పోయింది. అది పోతుందని అతను అనుకోలేదు. ఆలోచించి ఇంకొకటి జరిపాడు, అదీ పోయింది. చెంచురామయ్య ఏదో చెప్పబోతే చేతులెత్తి దండం పెట్టాడు. పొద్దు వాలేసరికి కట్టేయడానికి చాలినన్ని మేకలు మిగల్లేదు. మాల్యాద్రి ఆ గళ్ళ వంకే చూస్తూ ఉండిపోయాడు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

పద్మనాభయ్య చాలాసేపు అతని మొహం చూశాడు.

"బావా, వీడు కావాలని ఓడినాడంటావా?"

"ఆ మొహం చూడు బావా. అట్లా నటించను ఎవురికీ రాదు," అన్నాడు చెంచురామయ్య.

పద్మనాభయ్య లేచి, పాలేళ్ళను కూడా పిలవకుండా తనే పార భుజాన వేసుకుని పోయి మడవ తీశాడు. మాల్యాద్రి ఎన్నడూ చూడనంత నీరు వదిలాడు. ఇన్నేళ్ళ గెలుపులూ ఒక్కసారిగా తిరిగి దక్కిన మనిషిలా ఉన్నాడు.

ప్రమీలమ్మ పరుగున గట్టు మీదికి వచ్చింది. తడుస్తున్న నేలనూ మొగుణ్ణీ మార్చి మార్చి చూసింది.

"ఎంత బాగా ఓడినావు. వాళ్ళకి అనుమానం కూడా రాలేదంట గదా."

మాల్యాద్రి పంచె ఎగగట్టి, నీళ్ళు సరిగ్గా పారుతున్నాయో లేదో చూడాలని అవతలి గట్టుకు పోయాడు.