ఇంటికొక కోడి

ఆదివారం పొద్దున ధర్మ వేసుకున్న పథకం చిన్నది. ఆరింటికి లేవాలి, అంబలి తాగాలి, చల్లగాలికి గది తలుపులు రెండూ తీసిపెట్టాలి, మధ్యాహ్నం పన్నెండు దాకా ఎవరితోనూ మాట్లాడకూడదు. చివరిది అతనికి కష్టం కాదు. భార్య నిర్మల పోయి మూడేళ్ళు. ఈ మూడేళ్ళలో అతను మనుషులతో మాట్లాడినదంతా ఒక కార్డు ముక్క మీద పడుతుంది.

ఆ గది అరకు చివర, కాఫీ గింజల గిడ్డంగి వెనక ఉంది. గదిలో ఉన్నది ఒక సర్వర్. పాడేరు నుంచి టైడా దాకా కొండ ఊళ్ళ వాళ్ళూ, కింద సాలూరులో కొందరూ ఫోన్లలో ఒక ఆట ఆడతారు. గుడిసె కట్టుకోవాలి, చోడి పండించాలి, కోళ్ళను పెంచాలి. ఆ ఆటలోని కొండా, వాగూ, ఊరూ ఈ సర్వర్ లోపలే ఉంటాయి. సెకనుకు అరవై సార్లు అది ఆ లోకమంతటినీ కొత్తగా లెక్క వేసుకుంటుంది. ఒక్కో లెక్క ఒక ఫ్రేము. అరవై ఉంటే మనిషి నడుస్తాడు. ఇరవైకి పడితే ఇక్కడ మాయమై అక్కడ తేలతాడు. పదికి పడితే నిలబడ్డవాడు నిలబడ్డట్టే ఉండిపోతాడు, కళ్ళు తెరుచుకుని.

విశాఖపట్నం కంపెనీ ఒకటి సౌజన్య అనే ఆవిడను పంపుతోంది. ఆవిడ పదింటికి ఆటలోకి వచ్చి పన్నెండు దాకా చూస్తుంది. ఫ్రేములు నిలిస్తే కంపెనీ సర్వర్‌ను తీసుకుని నడుపుతుంది. నిలవకపోతే సోమవారం గది ఖాళీ చేయాలి. గిడ్డంగి యజమాని కృష్ణమూర్తికి మిరియాలు పోసుకోవడానికి చోటు కావాలి. సర్వర్ ఆపితే కొండా, వాగూ, ఊరూ ఆరిపోతాయి. ఆ ఊళ్ళో ఒక గుడిసెలో నిర్మల ఉంది.

ఆడేవాళ్ళు ఫోను పక్కన పెట్టేస్తే ఆటలో వాళ్ళ బొమ్మ ఉన్నచోటే నిద్రపోతుంది. ఆసుపత్రికి బయలుదేరిన రోజు నిర్మల ఫోను పక్కన పెట్టింది. అప్పటి నుంచి ఆమె బొమ్మ మంచం మీద పడుకునే ఉంది. ధర్మ ఆ గుడిసెలోకి వెళ్ళలేదు. ఆటలోకే వెళ్ళలేదు. బయట కూర్చుని సర్వర్ నడుపుతాడు, అంతే.

శనివారం అతను బరువు తగ్గించాడు. ఏడాదిగా రానివాళ్ళ బొమ్మలను, వాళ్ళు చేసిన వస్తువులతో సహా చెరిపేశాడు. మొత్తం రెండు వందల పన్నెండు. అందులో తన బొమ్మ కూడా ఉంది. ఒక్క పేరు మాత్రం వదిలేశాడు. ఎందుకని ఎవరూ అడగలేదు. అడిగినా చెప్పేవాడు కాదు.

ఎనిమిదింటికి గాసి ఫోను చేశాడు. నిర్మల చిన్నాన్న కొడుకు, ఆటో నడుపుతాడు.

"బావా, నిర్మలక్క లెగిసినాది."

"ఏటి?"

"గుడిసిలో లేదు. వాగు కాడ ఉన్నాది. బోర్లా పడుకొని, సెయ్యి నీళ్ళల్లో ఎట్టుకొని. ఊళ్ళో ఏళ్ళ తరబడి పడుకున్నోళ్ళు ఇంకొక్కలూ నేరు. అందర్నీ ఎక్కడికో అంపీసి అక్క ఒక్కత్తే మిగిలినాది."

"నీ పని సూసుకో" అని ధర్మ ఫోను పెట్టేశాడు.

కారణం అతనికి వెంటనే తెలిసింది. ఆ మంచం నిర్మల చేసింది కాదు, సాలూరు మనిషెవరో ఆమెకు చేసిచ్చింది. నిన్న ఆ మనిషిని చెరిపినప్పుడు మంచమూ పోయింది. నిర్మల నేల మీద పడింది. నేల ఏటవాలు, గుడిసెకు తలుపు లేదు. గోరంత గోరంత జారి తెల్లారేసరికి వాగు చేరింది. ఈ ముక్క గాసికి చెబితే సంగతి అక్కడితో తెగిపోయేది. చెప్పాలంటే ఆమె కింద మంచం తీసింది తనేనని ఒప్పుకోవాలి. ధర్మ ఒప్పుకునే మనిషి కాదు.

గాసి తిన్నగా సోంబరు దగ్గరికి పోయాడు. సోంబరు దిసారి. మంచి రోజూ చెడ్డ రోజూ చెప్పేవాడు, పోయినవాళ్ళకు ఏం కావాలో కూడా చెప్పేవాడు.

"దినం సేసినారా?" అన్నాడు సోంబరు.

చేయలేదు. ఆ ఊళ్ళలో దినం నాడు చుట్టాలు ఇంటికొక కోడి తెస్తారు. కోడి ముందు గింజలు చల్లుతారు. అది పొడిస్తే పోయిన మనిషి ఒప్పుకున్నట్టు. అప్పుడు భర్త మొదటి కోడిని కోయాలి, ఆ తరవాతే మిగతావాళ్ళు. మూడేళ్ళ కిందట కోళ్ళు పట్టుకుని వచ్చిన చుట్టాలను ధర్మ గుమ్మంలోంచే పంపేశాడు. "ఉన్నప్పుడు ఆస్పత్రికి ఒక్కలూ రానేదు, పోయినాక కోళ్ళట్టుకొని వొచ్చినారా?" అన్నాడు. తరవాత ఎవరూ రాలేదు.

సోంబరు కళ్ళు మూసుకుని లెక్క చూశాడు. "అక్కడ తిరుగుతున్న మనిసికి ఇక్కడి కోడి అందదు. అక్కడి కోడే ఎట్టాల" అన్నాడు.

మాట ఫోన్లలో పాకింది. నలభై ఒక్క ఇళ్ళ నుంచి నలభై ఒక్క మంది ఆటలోకి దిగి వాగు ఒడ్డుకు కోళ్ళను తెచ్చారు. గింజలు చల్లారు. కోళ్ళు పొడిచాయి. ఆ ఆటలో గింజ తిన్న కోడి గుడ్డు పెడుతుంది, అయిదు నిమిషాల్లో పిల్ల పెద్దదవుతుంది. కోయడానికి భర్త లేడు. అందుకని అందరూ కత్తులు పట్టుకుని నిలబడ్డారు. ఊరుకోలేక మళ్ళీ గింజలు చల్లారు.

ఒక్కో కోడి ఎటు పోవాలో, ఏం పొడవాలో సర్వర్ సెకనుకు అరవై సార్లు ఆలోచించాలి. తొమ్మిదింటికి ఫ్రేములు యాభై ఒకటి. ధర్మ వేడనుకున్నాడు. కిటికీ తీశాడు. నలభై రెండు. పెట్టె మూత విప్పి బల్ల ఫ్యాను ఎదురుగా పెట్టాడు. ముప్ఫై మూడు. తీగలన్నీ పీకి మళ్ళీ పెట్టాడు. బయటి నుంచి మంచు గదిలోకి వచ్చి సర్వర్ చుట్టూ తిరుగుతోంది. పంకా శబ్దం మనిషి నిద్రలో ఊపిరి తీస్తున్నట్టు వినబడింది. ధర్మ అది వినడం మానేశాడు.

గాసి మళ్ళీ ఫోను చేశాడు. "బావా, నడుత్తంటే ఎవులో ఎనక్కి లాగుతన్నారు. నాలుగడుగులేత్తే రెండే పడతన్నాయి."

"సర్వర్ వేడెక్కింది."

"ఏడి కాదు బావా. సల్లగా ఉన్నాది. నా సెయ్యి సల్లగా అయిపోనాది."

నిర్మల ఒప్పుకోవడం లేదని, ఇంటికి ఇంకో కోడి తెమ్మని సోంబరు చెప్పాడు. ఫ్రేములు ఇరవై. మనుషులు మాయమై వేరే చోట తేలారు. సోంబరు ఇంకో కోడి చెప్పాడు.

పదింటికి సౌజన్య ఫోను వచ్చింది. "ధర్మ గారూ, ఎవరూ కదలడం లేదేంటండీ? అందరూ కత్తులు పట్టుకుని వాగు వైపు తిరిగి నిలబడ్డారు. ఒకావిడ నీళ్ళలో చెయ్యి పెట్టి పడుకుంది. నాకు పదకొండు ఫ్రేములు చూపిస్తోంది."

"వేడి, మేడమ్."

"కోళ్ళు కూడా ఉన్నాయి."

"ఎన్ని?"

"కొండ కనబడటం లేదండీ."

ధర్మ పట్టిక తీసి చూశాడు. ఆరు వందల నలభై కోళ్ళు.

"వాగు దగ్గర పెంపుడు జీవాలనూ నిద్రపోయేవాళ్ళనూ కలిపి చెరిపే ఆజ్ఞ ఒకటి ఉంది కదా, అది కొట్టేయండి" అంది సౌజన్య. "పదిన్నరకి అరవై రాకపోతే నేను రాయక తప్పదు. ఏమీ అనుకోకండి."

ధర్మ ఆజ్ఞ టైపు చేశాడు. మీట మీద వేలు పెట్టాడు. అది నొక్కితే కోళ్ళు పోతాయి, నిర్మల పోతుంది. నొక్కకపోతే రేపు అన్నీ పోతాయి, నిర్మల కూడా. లెక్క చాలా తేలిక. వేలు మాత్రం దిగలేదు.

బయట ఆటో ఆగింది. గాసి వెనకాల యర్రమ్మ లోపలికి వచ్చింది. నిర్మల తల్లి. మూడేళ్ళుగా ఈ గుమ్మం తొక్కలేదు. చంకలో కోడి ఉంది, నిజం కోడి.

"ఏటి సేత్తన్నావు?"

"కోళ్ళను తీసేత్తన్నాను అత్తా."

"మరి దాన్ని?"

ధర్మ వేలి కింది మీటనే చూశాడు.

"ఆస్పత్రికి నాను రానేదు. నువ్వు కబురెట్టనేదు. ఇద్దరికీ ఇద్దరం సరిపోనాం" అంది యర్రమ్మ. "ఇప్పుడు అందరూ వొచ్చినారు. నీ కోసరమే నిలబడినారు. కోత్తావా, అది నొక్కుతావా? బేగి తేల్సు. ఈ కోడి నా సెయ్యి పొడుత్తన్నాది."

ధర్మ వేలు తీశాడు. ఆటలో తన బొమ్మ లేదు, నిన్ననే చెరిపేశాడు. గాసి తన ఫోను అతని చేతిలో పెట్టాడు.

వాగు ఒడ్డున ఆమె ఉంది. ఎర్ర చీర, ముడిలో పువ్వు. ఆటలో పువ్వులు వాడవు. చుట్టూ నలభై మంది కదలకుండా అతని వైపే చూస్తున్నారు. ధర్మ ఒక కోడిని పట్టుకున్నాడు. కత్తి లేచి గాలిలో ఆగింది. చాలాసేపు అలాగే ఉంది. తరవాత దిగింది.

అప్పుడు మిగతా కత్తులు లేచాయి. శబ్దం ఆలస్యంగా వచ్చింది, కొండ అవతల ఎవరో కోస్తున్నట్టు. పద్నాలుగు. ఇరవై రెండు. మనుషులు కదిలారు. ముప్ఫై తొమ్మిది.

"ధర్మ గారూ, నన్ను కూడా కొయ్యమంటున్నారు, కొయ్యనా?" అని సౌజన్య ఫోను.

"కొయ్యండి మేడమ్."

పదీ ఇరవై ఎనిమిదికి చివరి కోడి పోయింది. ఫ్రేములు అరవై. దేనివల్ల పాడైందో దానివల్లే బాగైంది. కంపెనీ ఇచ్చిన పుస్తకంలో ఈ పద్ధతి లేదు.

"నా సంచిలో తొమ్మిది కోళ్ళ మాంసం ఉందండీ, ఏం చెయ్యాలి?"

"తినండి. దినం కూడు వొద్దనకూడదు."

పన్నెండు దాకా అరవై వెంట్రుకవాసి కదలలేదు. సౌజన్య చివరిసారి ఫోను చేసింది. "బావుందండీ. రేపటి నుంచి సర్వర్ మాది, మీరే చూసుకోండి. ఫ్రేములు అరవై, ఆడినవాళ్ళు నలభై మూడు మంది అని రాస్తున్నాను."

ధర్మ గాసి ఫోను తీసి వాగు ఒడ్డు చూశాడు. అక్కడ ఎవరూ పడుకుని లేరు. ఆజ్ఞ అతను కొట్టలేదు, టైపు చేసింది చేసినట్టే తెర మీద ఉంది. నీళ్ళలోకి జారిపోయి ఉంటుంది. ఏటవాలు నేల. కానీ ఇళ్ళ వాళ్ళు నలభై ఒక్కరు, సౌజన్య ఒకరు. తను ఆడింది గాసి బొమ్మతోనే. పట్టికలో పేర్లను వేలితో లెక్కపెట్టడం మొదలుపెట్టాడు.

"దినానికొచ్చినోళ్ళని లెక్కెట్టకూడదు" అంది యర్రమ్మ. ఆమె కోడి సర్వర్ పెట్టె మీద వెచ్చగా కూర్చుని నిద్రపోతోంది.

నిలకడగా నడుస్తున్న సర్వర్‌ను కదపకూడదు గనక ధర్మ పట్టిక మూసేశాడు.